ముక్క పడింది, ఎవరూ కదలొద్దు!

మామగారి చేతిలోంచి ముక్క జారిందంటే ఇంట్లో ఉన్నవాళ్ళంతా నేలమీద పాకాల్సిందే. చుట్టమా, పక్కమా, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడా అన్న తేడా లేదు.

ముక్కంటే కూరలో ముక్క కాదు, రాకెట్టు ముక్క. ఉద్యోగకాలమంతా జనం పళ్ళు పీకిన ఆ చేతులతోనే ఆయన ఇప్పుడు బొమ్మ రాకెట్లు కడుతున్నారు. అట్టగొట్టానికి రెక్కలు ఎవరైనా అతికిస్తారు. అసలు పనంతా ప్లాస్టిక్ ముక్కల్లో ఉంది. నిప్పులు చిమ్మే చోట అతికించే ఆవగింజంత నాజిళ్ళు, చీమ ఎక్కితే సరిపోయే నిచ్చెనలు. వాటిని, అవి అతుక్కుని వచ్చే చట్రంలోంచి బ్లేడుతో కోసి, అంచులు అరగదీసి, క్లినిక్కునాటి పట్టకారుతో పట్టుకుని జిగురుతో అతికించాలి. సరిగ్గా అతికించబోయే క్షణంలోనే కేక వినిపిస్తుంది.

"ముక్క పడింది! ఎవరూ కదలొద్దు!"

అత్తగారు పొయ్యి కట్టేసి, కొంగు బిగించి కిందికి దిగుతారు. గ్యాసు బండ తెచ్చినతను బండ గుమ్మంలో దించేసి పాకుతాడు. నీళ్ళ మోటారు దగ్గర కొట్టుకుని ఒకరిమీద ఒకరు ఫిర్యాదు తెచ్చిన పైవాటా ఆయనా, కిందివాటా ఆయనా ఓసారి మంచం కింద ఇరుక్కుపోయి, ఒకరి కాళ్ళు ఒకరు లాక్కుని బయటపడ్డారు. తర్వాత ఇద్దరూ కలిసి కాఫీ తాగి వెళ్ళారు. ఫిర్యాదు ఇద్దరికీ గుర్తురాలేదు.

పెళ్ళిమాటలకి వచ్చిన రోజున అల్లుడూ పాకాడు. కాబోయే భార్యతో మొదటి మాటలు సోఫా కిందే.

"అటేమైనా దొరికిందాండీ?"

"మీ చెయ్యి దొరికిందండీ."

పెళ్ళయ్యాక కాస్త చనువొచ్చి అడిగాడు. "ఇంత చెయ్యిజారుడు పెట్టుకుని పళ్ళెలా పీకారు మామయ్యా?"

"పన్ను జారితే ఎక్కడికి పోతుందోయ్? నోట్లోనేగా పడేది!"

అలాంటి ఇంట్లో ఆ సాయంత్రం ఎవరి ముఖాన నవ్వు లేదు. కూతురికి ఉద్యోగంలో ఆరు నెలల ట్రైనింగు వచ్చింది, వేరే ఊళ్ళో. తెల్లారితే రైలు. "అది చెయ్యకపోతే కొంపలేమన్నా మునుగుతాయా?" అని అల్లుడు నోరుజారాడు. అప్పట్నుంచీ ఆమె అతనితో మాట్లాడలేదు. అమ్మానాన్నలకి చెప్పి వెళ్దామని ఇద్దరూ ఇక్కడికే వచ్చి, చెరో మూలా కూర్చున్నారు. తప్పు తనదేనని అతనికి తెలుసు. ఒప్పుకోబోయి మళ్ళీ పేపరు చాటుకి పోతున్నాడు. ఇలాగే రైలెక్కిపోతే ఎలాగా అని లోలోపల గిలగిల్లాడుతున్నాడు.

"ముక్క పడింది! ఎవరూ కదలొద్దు!"

"ఇప్పుడా నాన్నా?" అంది కూతురు.

"నాజిల్ తల్లీ, చివరి నాజిల్! అదిగో, బల్ల కిందికే దొర్లింది. నువ్వు అటునుంచి రా. అల్లుడూ, నువ్వు ఇటునుంచి!"

ఇద్దరూ బల్ల కింద దూరారు. మధ్యలో తలలు ఠంగున ఢీకొన్నాయి. ఆమె నుదురు పట్టుకుని ఉరిమి చూసింది. తర్వాత ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు.

"నేనన్న మాట తప్పే," అన్నాడతను గొణుగుతూ.

"గట్టిగా చెప్పు. బల్ల కాలు అడ్డొచ్చింది."

"తప్పయిపోయింది! నువ్వు వెళ్ళాలి. వెళ్ళి అందరికంటే బాగా చెయ్యాలి. నువ్వు లేకుండా ఇల్లెలా ఉంటుందోనన్న భయంతో వాగాను."

"ఆ ముక్క అప్పుడే ఏడవచ్చుగా, మొద్దబ్బాయ్!" అంటూ చెయ్యి పట్టుకుంది.

నడుం పట్టేస్తే అల్లుడు ఓసారి బల్ల అంచుమీంచి తల పైకెత్తాడు. ఎదురుగా రాకెట్టు ధీమాగా నిలబడి ఉంది. నాజిళ్ళన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఒక్కటీ తక్కువ లేదు. జిగురు ఆరిపోయి చాలాసేపైంది. పట్టకారు పెట్టెకి మూత కూడా వేసి ఉంది.

మామగారు అతన్నే చూస్తున్నారు, దొరికిపోయిన దొంగలా. అల్లుడికి నవ్వూ, ఆయన మీద పట్టరానంత ప్రేమా ఒక్కసారే పొంగుకొచ్చాయి.

"దొరికిందా?" అంది భార్య కిందనుంచి.

"అబ్బే, లేదు," అని అల్లుడు మళ్ళీ బల్ల కిందికి దూరాడు. "ఇది ఇప్పట్లో దొరికేట్టు లేదు. కాస్త ఇటు జరుగు."

మామగారు పిల్లిలా లేచి, బీరువా కింద చీపురుపుల్లతో గాలిస్తున్న అత్తగారి భుజం తట్టారు.

"పద, బయటికెళ్దాం."

"అదేంటండీ! ముక్క దొరక్కుండానే?"

"నువ్వు రావే మహాతల్లీ!" అంటూ ఆవిణ్ణి లాక్కుపోయి తలుపు దగ్గరగా వేశారు.