నూట పద్దెనిమిది రోజుల కాగితం

సుబ్బరత్నంగారు గొంతు పెంచి మాట్లాడగా మా ఆఫీసులో ఎవరూ వినలేదు. అయినా ఆమె పగ పట్టిన మనిషి. పదమూడేళ్లు ఆ పగను చల్లారనివ్వలేదు. దాని సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందులో నా పాపమూ ఉంది.

1961లో నాంపల్లిలో, పంతుళ్ల బదిలీలు చూసే ఆఫీసులో నేను టైపిస్టుని. హెడ్ గుమాస్తా అమరేశ్వరరావుగారు. కర్నూలు నుంచి ఆఫీసుతో పాటు వచ్చిన మనిషి. ఆయనకో పద్ధతి ఉండేది. అర్జీలో మూడు లోపాలు కనిపిస్తే మూడూ ఒకేసారి చెప్పేవారు కాదు. ఒక కొర్రీ వేసి తిప్పి పంపేవారు. అది సరిచేసుకుని వస్తే రెండోది.

"అన్నీ ఒక్కరోజే చెప్పేస్తే మన టేబులుకి విలువేముందయ్యా?" అనేవారు. అందరం నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను.

ఆ జనవరిలో నిర్మల్ నుంచి రామచంద్రమూర్తి అనే పంతులుగారి అర్జీ వచ్చింది. ఆయనకి మూత్రపిండాల జబ్బు. వారం వారం ఇక్కడి ఆసుపత్రిలో చూపించుకోవాలి, హైదరాబాదులో ఏ బడికైనా వేయమని వేడుకోలు. ఆయన కదల్లేక, అర్జీ పట్టుకుని భార్య తిరిగేది. ఆమే సుబ్బరత్నం. బస్సులో వచ్చి, అఫ్జల్‌గంజ్‌లో దిగి, మా ఆఫీసు దాకా నడిచి వచ్చేది.

ఇరవై ఏడు రోజులకి మొదటి కొర్రీ: డాక్టరు సర్టిఫికెట్టు మీద పై అధికారి సంతకం లేదు. తెచ్చింది. ఇంకో ముప్ఫై నాలుగు రోజులకి రెండోది: హెడ్మాస్టరు సిఫారసు లేదు. తెచ్చింది. మరో ముప్ఫై ఒక్క రోజులకి మూడోది: డాక్టరు సర్టిఫికెట్టు ఇచ్చి మూడు నెలలు దాటింది, కొత్తది కావాలి. ఆ మూడు నెలలూ అది మగ్గింది మా టేబులు మీదే! సిగ్గు లేకుండా ఆ మూడు కొర్రీలూ టైపు చేసింది నేనే. చివరికి ఇంకో ఇరవై ఆరు రోజులకి బదిలీ ఆర్డరు కూడా నేనే కొట్టాను. అప్పటికి పంతులుగారు పోయి పదకొండు రోజులు.

భర్త సర్కారు కొలువులో ఉండగా పోయినందుకు మరుసటి ఏడు ఆమెకు గుమాస్తా పని ఇచ్చారు. వేసింది మా ఆఫీసులోనే. చేరిన రోజే ప్యూను అంజయ్యని రికార్డు గది ఎక్కడని అడిగింది.

"గాడ మొత్తం దుమ్మే ఉన్నదమ్మా, ఏం జేస్తవు?" అన్నాడతను.

"చూసుకోవాల్సిన ఫైలు ఒకటుంది" అంది.

ఆ ఫైలు తొమ్మిదేళ్ల తరవాత బయటికి వచ్చింది. 1971లో కొత్త డైరెక్టరుగారు, పని ఆలస్యం కాకుండా ఏం చేయాలో అందరూ రాసివ్వమన్నారు. మేం ఫ్యాన్లు అడిగాం, బీరువాలు అడిగాం. ఆమె భర్త ఫైలునే తీసుకెళ్లి ఆయన ముందు పెట్టింది. లోపాలన్నీ మొదటిసారే, ఒకే కాగితం మీద చెప్పాలి. కింద చెప్పినవాడి పేరు, తేదీ ఉండాలి. రెండో కొర్రీ వేయాలంటే డైరెక్టరు సంతకం కావాలి. అడిగింది ఇంతే. నెలలో ఆర్డరు వచ్చింది. ఎందుకొచ్చిందో అందరికీ తెలిసేలా పాత ఫైలు లెక్క గోడకి పెట్టమన్నారు. ఏ టేబులు, ఎవరు, ఎన్ని రోజులు. మొత్తం నూట పద్దెనిమిది. ఆమె దాన్ని ఆబిడ్స్‌లో అద్దం వేయించి తెచ్చింది.

అమరేశ్వరరావుగారు వరండాలో ఆమెను ఆపారు. "రెండు నెలల్లో రిటైరయ్యేవాణ్ణి. నా పేరు తీసేయమ్మా."

"ఉండనివ్వండి. మా వారి పేరూ ఉందిగా" అందామె.

1974లో ఆయన మళ్లీ వచ్చారు, అర్జీదారుగా. భార్య ఆసుపత్రిలో ఉంది. మధిరలో పంతులమ్మగా ఉన్న కూతురు పద్మని ఇక్కడికి వేయించుకోవాలి. ఆయన కుర్చీలో ఇప్పుడు సుబ్బరత్నంగారు. అర్జీ ఆమెకే అందించారు. డాక్టరు సర్టిఫికెట్టు మీద పై అధికారి సంతకం లేదు! ఆమె దగ్గర వంగి గొణిగాను.

"ఒక్క కొర్రీ ఎయ్యున్రి అమ్మా. జర తిరగనియ్యిన్రి. గప్పుడు తెలుస్తది."

ఆమె లెక్క పెట్టిన గోడకి ఎదురు బెంచీ చూపించి, "అక్కడ కూర్చోండి" అందాయనతో. తానే లేచి పక్క గదిలో అధికారి చేత సంతకం పెట్టించింది. నోటు రాసింది. నా చేత ఆర్డరు కొట్టించింది. డైరెక్టరు గదిలోకి వెళ్లి వచ్చింది. అంతసేపూ ఆయన తలెత్తితే అద్దంలో తన పేరు, తల దించితే తన చెప్పులు.

ఆర్డరు చేతికిచ్చి ఆమె గడియారం చూసింది.

"పదకొండుకి ఇచ్చారు. ఇప్పుడు పన్నెండున్నర. ఇంత పనేనండీ అది."

ఆయన కాగితం పట్టుకుని ఏడ్చారు. వెళ్తూ రెండు చేతులూ జోడించారు. ఆమె తిరిగి దండం పెట్టలేదు, తరవాతి అర్జీ తీసింది.

నేను ఆ సాయంత్రం ధైర్యం చేసి అడిగాను. "ఆయనది గట్లనే ఉండనియ్యిన్రి. నా పేరన్న తీసేస్తరా అమ్మా?"

"టైపు: జనార్దన్" అని అద్దం అడుగున ఉంది. ఆమె దాని మీది దుమ్మును కొంగుతో శుభ్రంగా తుడిచి, సంచీ తీసుకుని బస్సుకి వెళ్లిపోయింది.