వేలిముద్ర చూడని సాక్షి

నల్లగొండ కోర్టులో నేను జూనియర్ వకీలుగా చేరిన కొత్తలో ఒక గొర్రెల కాపరి మా తరఫు సాక్షిగా వచ్చాడు. మా క్లయింటు ఊళ్లో పెద్ద రైతు. భూమిలో వాటా వద్దని చెల్లెలు కాగితం మీద వేలిముద్ర వేసిందని ఆయన వాదన. అది కళ్లారా చూశానని కాపరి ప్రమాణం చేసిన అఫిడవిట్‌ను మా సీనియర్ అప్పటికే దాఖలు చేశారు.

కాపరికి చదువు రాదు. "జర మల్ల చదువు బిడ్డా" అని వరండాలో నాతో మూడుసార్లు చదివించుకున్నాడు. వేలిముద్ర మాట రాగానే ప్రతిసారీ తలపాగా విప్పి మళ్లీ చుట్టుకునేవాడు.

"గిది అబద్ధమైతే ఏమైతది?"

"ఏడేండ్ల దాకా జైలు పడొచ్చు."

"నేను సూడలే బిడ్డా. నా గొర్రెలు ఆయన చేన్లల్లనే మేస్తయి. కాదనలేకపోయిన."

సీనియర్‌కు చెప్పేలోపే పిలుపు వచ్చింది. కాపరి బోనెక్కి అన్నాడు: "సార్, గందుల రాసింది నిజం కాదు. నేనేం సూడలే."

తప్పుడు ప్రమాణానికి కేసు ఎందుకు పెట్టకూడదో చెప్పమని జడ్జి కాపరికి నోటీసు ఇచ్చారు. జైలుకు పంపితే కావాలని, ప్రతి వాయిదాకూ బట్టల మూటతోనే వచ్చాడు. నాలుగో వాయిదా నాడు, తనంతట తానే నిజం చెప్పాడు కాబట్టి జడ్జి హెచ్చరికతో వదిలేశారు.

ఆ సంగతి వివరించగానే ఆయన నన్ను అడిగాడు: "మరి గా చెల్లెకు భూమి వస్తదా?"

"వస్తది" అన్నాను. మా క్లయింటు ఓడిపోవాలని కోరుకోవడం నాకు అదే మొదటిసారి.