పేరు చెక్కిన మరచెంబు

నూజివీడు నుంచి చాట్రాయి వెళ్ళే బస్సులో, ఎండకు వేడెక్కిన నా ప్లాస్టిక్ సీసా మూత తీస్తుంటే పక్క సీటులోని పెద్దావిడ వారించింది.

"ఆ ఉడుకు నీళ్ళేం తాగుతారండీ? ఇవి తాగండి" అంటూ సంచిలోంచి ఇత్తడి మరచెంబు తీసి, మూత తిప్పి అందించింది.

ఆవిడకు మామిడి తోట ఉందట. కోతకొచ్చినవాళ్ళు పారేసిన సీసాలు దున్నినప్పుడల్లా పైకి తేలుతున్నాయని, ఇప్పుడు తోటలోకి సీసా రానివ్వడం లేదట.

"అక్కడ అందరికీ కుండేనండి. ప్రయాణాలకి ఇది. విజయవాడలో పాత సామాన్ల కొట్లో కొన్నా. ఏటా కళాయి వేయిస్తా."

పైకెత్తి తాగుతుంటే చెంబు మెడ కింద చెక్కిన అక్షరాలు కనిపించాయి. మా ఇంటిపేరు, దాని పక్కన మా నాయనమ్మ పేరు. ఇల్లు చేజారిన ఏడాది, కొన్నవాళ్ళు సామానంతా బండికెక్కిస్తుంటే నేను తల తిప్పుకుని నిలబడ్డాను. ఇదీ అందులోనే పోయింది. చిన్నప్పుడు రైల్లో నాయనమ్మ ఈ చెంబు మూతలోనే నాకు నీళ్ళు పోసిచ్చేది.

"ఈ పేరు చెరిపించలేదేం?" అన్నాను.

"అయ్యో, ఎందుకండీ? నీళ్ళు చల్లగా ఉంటే 'ఇవాళ రాజ్యలక్ష్మమ్మ గారి దయ' అనుకుంటాం మా ఇంట్లో."

చెంబు నాకిమ్మని అడగాలనిపించింది. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏదీ అడిగి ఎరుగరు. మూత బిగించి ఆవిడ చేతికే ఇచ్చాను.

దిగబోతుంటే, "ఇంతకీ మీ పేరేంటండీ?" అంది.

ఎక్కడైనా ఇంటిపేరుతో మొదలుపెట్టి చెప్పుకోవడం నాకు అలవాటు. ఆ రోజు వట్టి పేరే చెప్పి దిగిపోయాను.