మూడు హారన్ల అంబాసిడర్

ఉక్కునగరం అయిదో సెక్టారులో వరహాలు గారి క్వార్టరు ఎక్కడండీ అని అడిగితే ఎవరూ చెప్పరు. హారన్ వరహాలు ఇల్లు అని అడగండి, పాలవాడి దగ్గర్నుంచి పక్కింటి పసిపిల్ల దాకా వేలెత్తి చూపిస్తారు. ఏదో ఘనకార్యం చేసి తెచ్చుకున్న పేరు కాదు లెండి. స్కూటరు కదిలించే ముందు మూడుసార్లు హారన్ కొడతాడు, అంతే. రోడ్డు మీద ఈగ కూడా లేకపోయినా కొడతాడు. ఎదురింటి అర్జునరావు కిటికీ తెరిచి తిట్టినా, ఆ తిట్టు పూర్తయ్యేదాకా ఆగి మరీ కొడతాడు.

ఆయన తప్పేముంది పాపం! ముప్పై నాలుగేళ్లుగా స్టీలు ప్లాంటులో క్రేన్ల ఎలక్ట్రీషియన్. కరిగిన ఉక్కుని మనుషుల నెత్తి మీదుగా మోసుకెళ్లే క్రేను కదలాలంటే ముందు సైరన్ మోగాలి. డ్రైవరు కూర్చునే క్యాబిన్ తలుపు తెరిచి ఉంటే క్రేను అంగుళం కదలకూడదు. అందుకని తలుపు దగ్గరే ఒక స్విచ్చి ఉంటుంది, తలుపు గట్టిగా పడితేనే కరెంటు వస్తుంది. వరహాలుకి ఈ లోకంలో పూర్తి నమ్మకమున్నవి రెండే. ఒకటి సింహాద్రి అప్పన్న, రెండోది ఆ తలుపు స్విచ్చి. భార్య సన్యాసమ్మ మీద నమ్మకం లేదని కాదు, ఆవిడంటే భయం.

ఆ భయానికి ఇరవయ్యారేళ్లు. వరహాలు అప్పట్లో ఒక డాక్టరు గారి దగ్గర పచ్చ అంబాసిడర్ సెకండ్ హ్యాండులో కొన్నాడు. కొన్న కారుకి పూజ చేయించకుండా ఎలా? సన్యాసమ్మ కొత్త పట్టుచీర కట్టుకుని, కొబ్బరికాయలూ నిమ్మకాయలూ సంచిలో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. సింహాచలం కొండ మీద మూడో మలుపు దగ్గర కారు ముక్కులోంచి పొగ కక్కుకుంటూ ఆగిపోయింది. పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఆవిడ కారు తోసింది. దర్శనం చేసుకుని దిగుతున్న గుండ్లవాళ్లు పదిమంది ఓ చెయ్యి వేశారు. అంతమంది చూస్తుండగా ఆవిడ ఒట్టు పెట్టుకుంది.

"ఈ కారు కొండెక్కితే కదా నాను కారెక్కేది! ఆగకుండా ఎక్కించిన్నాడు సెప్పు, అప్పుడొత్తాను. అందాకా నాకు బస్సుంది."

"కొండ మీద ఎండకి అలాగే అవుతాదే. కారు ముసలిదైపోనాది, నానేటి సేసేది?" అన్నాడు వరహాలు. ఆ తర్వాత ఎవరు అడిగినా అదే మాట చెప్పాడు. కారు ముసలిది, ఎండ ఎక్కువ.

ఆ కారు ఇక వరహాలు ఒక్కడిదే. పదేళ్లు సొంతంగా నడిచింది, మరో పదేళ్లు నెట్టుకుంటే నడిచింది, ఆ పైన నడవడం మానేసి షెడ్డులో పడింది. బానెట్ మీద సన్యాసమ్మ గుమ్మడి వడియాలు పెట్టుకునేది. ఆవిడకి ఆ కారు వల్ల కలిగిన సుఖం అదొక్కటే.

రిటైరుమెంటు దగ్గర పడింది. క్వార్టరు ఖాళీ చేసి కూర్మన్నపాలెంలో కట్టుకున్న ఇంటికి వెళ్లాలి. అక్కడ గేటు లోపల ఒక్క బండికే జాగా. ఓ ఆదివారం భోజనాల దగ్గర సన్యాసమ్మ చారు వడ్డిస్తూ తేల్చి చెప్పేసింది.

"ఆ జాగాలో నీ డొక్కెడతావా, నా మొక్కలెడతావా? అప్పన్న సాచ్చిగా సెప్తన్నాను. ఒక్కపాలి నన్నెక్కించుకుని ఆగకుండా కొండెక్కిందా, జాగా నీ కారుది. ఆగిందా, ఇనప సామానోడికి ఒగ్గీసి వొచ్చీయాల."

పెళ్లాం ముందు సీట్లో కూర్చుని ఉండగా ఒక్కసారి కొండెక్కాలని ఇరవయ్యారేళ్లుగా వరహాలు లోపల్లోపల ఉడికిపోతున్నాడు. పైకి చెప్పడు. ఆ రాత్రి వడియాల చాప తీసి, బానెట్ తుడిచి, కారుకి చెప్పుకున్నాడు.

మర్నాడు కారుని లాగించుకుని వన్ టౌన్‌లో లతీఫ్ షెడ్డుకి చేర్చాడు. లతీఫ్‌ది తండ్రి నాటి షెడ్డు. పోర్టు లారీల దగ్గర్నుంచి పెళ్లి కార్ల దాకా ఆ చేతి కింద బాగుపడ్డవే. మనిషి మంచివాడు, నోరు మాత్రం నోరు కాదు. బానెట్ ఎత్తి చూసి ముక్కు మూసుకున్నాడు.

"బావా, ఈ ఇంజన్ సచ్చిపోయి శానా ఏళ్లయిపోనాది. నువ్వు సూసుకోనేదు. దీన్ని లేపడం నా వల్ల కాదు. వేరేది దించీద్దాం."

లతీఫ్ వెతికి వెతికి, టాక్సీగా తిరిగి మూలపడ్డ మరో అంబాసిడర్‌లోంచి పెద్ద ఇంజను, అయిదు గేర్ల పెట్టెతో సహా తెచ్చాడు. ఇంజను మార్పుకి ఆర్టీవో ఆఫీసులో కాగితాలు వరహాలు ముందే పెట్టించాడు. పర్మిషన్ లేకుండా ఆయన ఇంట్లో బల్బు కూడా మార్చడు. పాత ఇంజనుని గొలుసు కప్పీకి కట్టి పైకి లేపుతుంటే వరహాలు కళ్లు తుడుచుకున్నాడు. "ఏడు, ఏడు. కొత్తది బిగించేటప్పుడు నానేడుత్తాను," అన్నాడు లతీఫ్.

అన్నంత పనీ అయింది. కొత్త ఇంజను పాత దిమ్మల మీద కూర్చోనంది. దిమ్మలు కోసి, కొత్తవి వెల్డింగ్ చేసి, రేడియేటర్‌ని రెండంగుళాలు ముందుకి జరిపి, మూడు వారాల్లో లతీఫ్ తన పని ముగించాడు. ఇక వైరింగ్ మిగిలింది. కొత్త ఇంజనుకి కరెంటు సామానంతా రెండో పక్కన ఉంది, పాత వైర్లు అందవు. అందినా లాభం లేదు, ఎలుకలు కొట్టగా మిగిలింది ముట్టుకుంటే పొట్టు రాలుతోంది.

"రెండ్రోజుల పని, మా వోడు సేసీత్తాడు," అన్నాడు లతీఫ్.

"కరెంటు మీద సెయ్యేత్తే సెయ్యిరిసీత్తాను. వైరింగ్ నాది," అన్నాడు వరహాలు.

రెండ్రోజుల పనికి పదకొండు వారాలు పట్టింది. పాత వైర్లన్నీ పీకి ఇంటికి పట్టుకెళితే సన్యాసమ్మ వాటితో చిక్కుడుపాదుకి పందిరి అల్లేసింది. కొత్త వైర్లకి కొత్త దారి వేశాడు వరహాలు. పొగగొట్టం వేడి తగలకుండా ఎడమ పక్కనుంచి గొట్టంలో నడిపి, ఇంజనుకీ సీట్లకీ మధ్యనున్న రేకు గోడకి కన్నం పెట్టి, కన్నానికి రబ్బరు రింగు తొడిగి, లోపలికి తెచ్చాడు. ప్రతి వైరుకీ రెండు చివర్లా తెల్లటి ఉంగరం, ఉంగరం మీద ఆవగింజంత నంబరు. కళ్లజోడు ముక్కు మీదకి జార్చుకుని ఒక్కో ఉంగరం తొడుగుతుంటే లతీఫ్‌కి ఒళ్లు మండిపోయింది.

"కారుకి వైరింగ్ సేత్తన్నావా, పెళ్లికూతురికి గాజులేత్తన్నావా? నా షెడ్డులో నాకే జాగా నేకుండా సేసీసినావు!"

అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. హారన్ కొడితే గానీ స్టార్టు కాకూడదన్నాడు వరహాలు. బానెట్ తెరిస్తే ఆగిపోవాలన్నాడు. నాలుగు తలుపుల్లో ఏది సరిగ్గా పడకపోయినా ఇంజనుకి కరెంటు తెగిపోవాలన్నాడు. లతీఫ్ చేతిలో స్పానరు కింద పడేశాడు.

"యా అల్లా! ఇది కారు బావా! నీ ప్లాంటులో క్రేన్ కాదు!"

ఒక పూటంతా వాదించుకుని, రెండు టీలు తాగి, ఒక్కటి ఉంచుకోమన్నాడు లతీఫ్. వరహాలు తలుపుల స్విచ్చి ఉంచుకున్నాడు. ఏ తలుపైనా తెరుచుకుంటే తెలియడానికి డాష్‌బోర్డు మీద ఎర్ర బల్బు ఒకటి పెట్టాడు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే సన్యాసమ్మ నవ్వుతుందని.

శనివారం పొద్దున్నే కారు క్వార్టరు ముందు నిలబడింది. పచ్చ రంగు కొత్తగా మెరుస్తోంది. అర్జునరావు కూడా తిట్టడం మాని చూస్తూ నిలబడ్డాడు. లతీఫ్ తన సామాన్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో ఎక్కాడు. తను బిగించిన ఇంజను కొండెక్కుతుంటే తను లేకపోవడమేమిటని ఆయన పట్టుదల.

సన్యాసమ్మ పట్టుచీరతో వచ్చింది. చేతిలో అయిదు లీటర్ల నీళ్ల డబ్బా.

"రేడియేటర్ నిండా ఉందే," అన్నాడు వరహాలు.

"ఉంతాది. ఆ రోజూ ఉందనే సెప్పినావు."

ఆవిడ కారుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, లోపల కూర్చుని, సంచిలోంచి అప్పన్న బొమ్మ ఉన్న స్టిక్కరు తీసి డాష్‌బోర్డు మీద అతికించింది. వరహాలు అప్పటికి తాళంచెవి కోసం జేబులు తడుముకుంటున్నాడు. మూడు హారన్లు కొట్టాడు. కారు కదిలింది.

గాజువాక దాటింది, ఎన్ఏడీ దాటింది, గోపాలపట్నం దాటింది. ఇంజను పాట పాడుతున్నట్టు పోతోంది. వెనకనుంచి లతీఫ్ "సూసినావా సెల్లెమ్మా, సూసినావా!" అంటూనే ఉన్నాడు. కొండ కింద గేటు దాటి మొదటి మలుపు తిరిగింది. రెండోదీ తిరిగింది. మూడో మలుపు కనపడింది. సన్యాసమ్మ ఒక చేత్తో డబ్బా పట్టుకుని, రెండో చేత్తో మెల్లిగా తలుపు గడియ తీసి పట్టుకుంది. ఆగితే గభాల్న దిగిపోవాలి, ఈసారి తోసేది లేదు.

కారు టప్పున ఆగిపోయింది.

"ఆగిపోనాది!" అంది సన్యాసమ్మ. ఆ గొంతులో గెలిచిన సంతోషం అరక్షణమే ఉంది. ఎదురుగా చూసేసరికి స్టిక్కరులో అప్పన్న మొహం ఎర్రగా వెలుగుతోంది. "ఓలమ్మో! సామికి కోపమొచ్చీసినాది!" అని కేకపెట్టి కిందకి దూకి, తలుపు ధడాల్న వేసింది. అప్పన్న మొహం మామూలైపోయింది. తాళం తిప్పితే ఇంజను ఠక్కున అందుకుంది.

ఆవిడని బతిమాలి ఎక్కించుకున్నారు. ఎక్కడమైతే ఎక్కింది గానీ భయంతో తలుపు పూర్తిగా వెయ్యలేదు. పది గజాలు కదిలేలోగా మళ్లీ ఆగింది. అప్పన్న మళ్లీ ఎర్రబడ్డాడు. మళ్లీ దిగింది, తలుపు పడింది, శాంతించాడు. వెనక బస్సు డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. సన్యాసమ్మ రోడ్డు పక్క రాయి మీద కూలబడి, నీళ్ల డబ్బా పక్కన పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది.

"నానెక్కితే ఆగిపోతాది, దిగితే నడుత్తాది. ఇరవయ్యారేళ్లకి కారెక్కినాను, ఈ మలుపుకాడే సామి నన్ను దించేత్తన్నాడు. నానేటి పాపం సేసినానని?"

వరహాలు స్టిక్కరు అంచు గోటితో ఎత్తి చూశాడు. వెనకాల తన ఎర్ర బల్బు. సంగతంతా అర్థమైపోయింది. లతీఫ్‌కీ అర్థమైంది. ఆయన అప్పటికే కటింగ్ ప్లయరు తీశాడు.

"ఒక్క వైరు బావా. కత్తిరించీసి, సామి శాంతించినాడని సెప్పీద్దాం. పందెం గెలిసీసినట్టే."

కత్తిరించేస్తే నిజంగానే గొడవ తీరిపోతుంది. కానీ పట్టుచీర కొంగుతో ముక్కు తుడుచుకుంటున్న పెళ్లాన్ని చూసి వరహాలు లతీఫ్ చేతిలో ప్లయరుని పక్కకి నెట్టేశాడు. చేయని పాపాన్ని నెత్తిన వేసుకుని కూర్చుంది మనిషి. కారు దిగి వెళ్లి రాయి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"సామికి కోపం నేదే. అది నాను పెట్టిన బల్బు. తలుపు సరిగ్గా పడకపోతే ఆగిపోయేటట్టు నానే సేసినాను. నువ్వు గడియ తీసీసినావు, అది ఆగిపోనాది."

సన్యాసమ్మ నోరు తెరవబోయింది. వరహాలు చెయ్యి అడ్డం పెట్టాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఈ జన్మకి చెప్పలేడు.

"ఇంకోటుంది. ఆ రోజు కారు తప్పు నేదు, ఎండ తప్పు నేదు. రేడియేటర్‌లో నీళ్లు పొయ్యడం మర్సిపోనాను. నిన్ను అంతమందిలో తోయించినాను, సిగ్గేసి సెప్పనేదు. నాదే తప్పు."

బస్సు డ్రైవరు కూడా హారన్ ఆపేశాడు.

"నాకెప్పుడో తెలుసు," అంది సన్యాసమ్మ. "కారులో పొయ్యమని నాను నింపిచ్చిన బకెట్టు ఇంటికెల్లేసరికి అరుగు మీద నిండా ఉంది. దాంతోనే కాళ్లు కడుక్కున్నాను. ఈ మాట నీ నోటంట వత్తాదని సూసినాను. ఇరవయ్యారేళ్లు పట్టీసినాది నీకు!"

లేచింది. చీర దులుపుకుంది. కారెక్కి కూర్చుని, కొండ కొండంతా వినపడేటట్టు తలుపు లాగి వేసింది. అప్పన్న చల్లగా ఉన్నాడు.

"మరి ఆగింది కదా సెల్లెమ్మా, పందెం?" అన్నాడు లతీఫ్, ఉండబట్టలేక.

"కారాగనేదు అన్నయ్యా, నానాపినాను. జాగా కారుకే. బానెట్టు మాత్రం నా వడియాలకి."

వరహాలు వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. కళ్ల ముందు రోడ్డు మసగ్గా కనపడుతోంది. తాళం తిప్పాడు, గేరు వేశాడు, క్లచ్చి మీంచి కాలు తియ్యబోయాడు. సన్యాసమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"మర్సిపోనావు," అని, తనే వంగి, స్టీరింగ్ మధ్యలో అరచెయ్యి ఆనించి మూడుసార్లు హారన్ కొట్టింది.