చాసీ చూడ్డానికి వచ్చిన పెద్దాయన

ఉదయగిరి కోట మీద రాత్రిపూట దీపాలు తిరుగుతాయని మా బడిపిల్లలు చెప్పుకునేవాళ్ళు. నేను వాళ్ళను లేపి నిలబెట్టి, నువ్వు చూశావా, మీ నాయన చూశాడా అని అడిగేదాన్ని. ఎవరూ చూసి ఉండరు. మాది తాతల కాలం నుంచి బాప్టిస్టు కుటుంబం. చనిపోయినవాళ్ళు పునరుత్థానం దాకా నిద్రలోనే ఉంటారని చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఎవరైనా దయ్యాన్ని చూశామంటే నాకు భయం వేయదు, చిరాకు వేస్తుంది. ఇప్పుడు చెప్పబోయేది తలుచుకున్నప్పుడు కూడా భయం వేయదు. కోపం వస్తుంది. ఇన్నేళ్ళయినా అది తగ్గలేదు.

తొంభైల్లో జరిగింది. మా నాయనకు సొంత లారీ ఉండేది. మూతి ముందుకు పొడుచుకొచ్చి, గుండ్రటి దీపాలు ఉండే పాత రకం బండి. అప్పటికే రోడ్ల మీద అలాంటివి అరుదైపోయాయి. బద్వేలు రోడ్డులో టీ అంగళ్ళవాళ్ళు ఇంజను శబ్దం విని మా బండని చెప్పేసేవాళ్ళు.

నాయనకు ముందు ఆ బండి, తర్వాతే మేము. అమ్మకు నెల్లూరు ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగిన రోజు ఆయన బద్వేలులో బండి కింద పడుకుని ఉన్నాడు. గేరుబాక్సు విప్పి ఉంది, వదిలేసి రాలేనని ఇంకో డ్రైవరుతో కబురు పంపాడు. అమ్మ ఆ కబురు విని తల ఊపింది. అంతే. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఆ బండి ఏ లోయలోనో పడిపోవాలని కోరుకున్నాను.

చివరి రోజుల్లో ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టాడు. జుట్టంతా తెల్లబడింది. ఆ మంచం మీద నుంచి కూడా ఆయన అడిగింది బండి గురించే. ఆయన్ను ఉదయగిరిలోనే మా సమాధుల తోటలో పూడ్చాం. పెట్టె మీద మొదటి పిడికెడు మన్ను వేసింది నేనే. ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఆయన పోయాడన్న విషయంలో ఏ సందేహమూ లేదు.

బండి తమ్ముడు దాసు చేతికి వచ్చింది. మరుసటి వేసవిలో కంకర లోడుతో వస్తుంటే మర్రిపాడు దగ్గర కల్వర్టు కుంగి వెనక చక్రం దిగబడింది. దాసుకు దెబ్బలు తగల్లేదు గానీ బండి చాసీ విరిగింది. చాసీ అంటే లారీకి అడుగున ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉండే రెండు ఇనప దూలాలు. ఇంజనూ తొట్టీ అన్నీ వాటి మీదే కూర్చుంటాయి. కుడిపక్క దూలం పగిలి నోరు తెరిచింది.

బండిని ఆత్మకూరులో మస్తాన్ అనే మెకానిక్ షెడ్డుకు చేర్చారు. మస్తాన్ కావలి నుంచి వచ్చి కొత్తగా షెడ్డు పెట్టుకున్న మనిషి. మా నాయన చనిపోయిన తర్వాత వచ్చాడు. ఆయన్ను చూసి ఉండే అవకాశమే లేదు.

పగిలినచోట వెల్డింగ్ చేసి, మీద ఇనప పట్టీ బిగించి తోలుకోవచ్చన్నాడు మస్తాన్. లేదంటే నెల్లూరు గుజిరీలో, పాత ఇనప సామాన్ల అంగళ్ళలో, ఇదే రకం చాసీ వెతికి, మొత్తం మార్చేయవచ్చు. దాసు అతికిద్దామన్నాడు. నేను మార్చమన్నాను. మార్చడం ఇష్టం లేకపోతే బండే తుక్కుకు వేసేయమన్నాను. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

"నంబరు కొట్టుండేది చాసీ మీదక్కా. అది మారిస్తే ఇంక నాయన బండి యాడుండాది?" అన్నాడు వాడు.

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. నాయన బండి అయితే నీ ప్రాణం పెట్టి తోలాలా అని అరిచాను. అమ్మ లోపల బియ్యం ఏరుకుంటూ ఉంది. చివరికి దాసు నా మాట పక్కన పెట్టి, అతికించమని చెప్పడానికి ఆత్మకూరు వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నమే నేరుగా బడికి వచ్చి నన్ను వరండాలోకి పిలిచాడు. వాడి మొహం ఎర్రగా ఉంది.

"షెడ్డు కాడికి ఎవుర్ని పంపినావక్కా?"

నాకు అర్థం కాలేదు. వాడు చెప్పింది ఇదీ. పని మొదలుపెట్టమనగానే మస్తాన్ ఆశ్చర్యపోయాడట. నిన్న మీ నాయనే వచ్చి అతకవద్దని చెప్పిపోయాడు కదా, ఇంట్లో ఒక మాట మీద ఉండరా మీరు అన్నాడట. దాసు అతని మీద చెయ్యి ఎత్తబోయి ఆగి, నాయన సంగతేమీ చెప్పకుండా వచ్చేశాడు. నా పంతం నెగ్గించుకోవడానికి ఎవరో ముసలాయన్ను నాయన వేషంలో పంపానని వాడి అనుమానం. మా తమ్ముడు నన్ను అంత మాట అన్నాడు, తోటి టీచర్లు వింటుండగా.

మర్నాడు సెలవు పెట్టి వాణ్ణి వెంటబెట్టుకుని ఆత్మకూరు వెళ్ళాను. నా లెక్కలో ఇది మస్తాన్ పని. అతుకుడు కన్నా చాసీ మార్చడం పెద్ద పని, డబ్బులెక్కువ వస్తాయి కాబట్టి కథ అల్లాడు. షెడ్డులో అడుగుపెడుతూనే ఆ మాటే అనేశాను. చచ్చిపోయిన మనిషిని అడ్డం పెట్టుకుని బతకడానికి సిగ్గు లేదా అన్నాను.

ఆయన చనిపోయాడన్న సంగతి మస్తాన్‌కు అప్పుడే తెలిసింది. చేతిలో పానా కింద పెట్టేశాడు. కాసేపు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. తర్వాత చెప్పాడు.

మొన్న మధ్యాహ్నం నమాజు చదువుకుని వచ్చేసరికి ఒక పెద్దాయన చాసీ పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. తెల్లటి జుట్టు, లుంగీ, భుజం మీద తువ్వాలు. పానాతో దూలాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా కొడుతూ, చెవి దానికి ఆనించి వింటున్నాడు. ఎవరని అడిగితే, బండి నాదే అన్నాడు. పానా ఎడంచేత్తో పట్టుకున్నాడు. కుడిచేతికి చివరి రెండు వేళ్ళూ సగానికి లేవు.

నేను దాసు వైపు చూశాను. వాడు నా వైపు చూడలేదు. జాకీ జారి నాయన ఆ రెండు వేళ్ళూ పోగొట్టుకున్నప్పుడు వాడింకా పుట్టలేదు.

"ఏమన్నాడు?" అన్నాను. గొంతులో కోపం తగ్గకుండా చూసుకున్నాను.

"దీన్ని అతకబాక, ఎడంపక్క పట్టీ ఇప్పి చూడు అన్నాడు. నేను పానాలు సర్దుకుని తిరిగి చూస్తే లేడు. పోయినాడులే అనుకున్నా. ఆ పట్టీ నేనింకా ముట్టుకోలేదు టీచరమ్మా. మీ ముందరే ఇప్పుతా."

విరిగింది కుడిపక్క. ఎడంపక్క దూలం చక్కగానే ఉంది. వెనక చక్రాల దగ్గర దానికి ఎప్పటిదో ఒక పాత పట్టీ ఉంది. దాని రివెట్ల మీద పొరలు పొరలుగా రంగు. ఎవరూ కదిలించిన గుర్తు లేదు, అది నేను వంగి స్వయంగా చూశాను. మస్తాన్ రివెట్ల తలలు కోసి, ఉలి పెట్టి పట్టీని ఊడగొట్టాడు.

లోపల దూలం అడుగు నుంచి దాదాపు పైదాకా చీలి ఉంది. కొత్త చీలిక కాదు. అంచులు తుప్పు పట్టి నల్లబడ్డాయి. ఎప్పుడో ఎవరో వేసిన మోటు అతుకు మధ్యలో తెగిపోయింది. కుడిపక్క మాత్రమే అతికి లోడు ఎత్తి ఉంటే, ఏ మలుపులోనో బండి రెండు ముక్కలయ్యేదని మస్తాన్ అన్నాడు. ఆ బండి కిందే పెరిగిన దాసుకు కూడా ఆ పట్టీ వెనక ఏముందో తెలియదు.

అతికే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. చాసీ మార్చాం. దాసు ఆ బండిని ఏళ్ళ తరబడి తోలాడు, ఏమీ కాలేదు.

నేను మాత్రం వదల్లేదు. చర్చి పెద్దలందరూ కలిసి తీయించుకున్న పాత ఫోటో ఒకటి ఇంట్లో ఉంటే పట్టుకెళ్ళి మస్తాన్‌కు చూపించాను. అందులో నాయన ఎవరో నేను చెప్పలేదు. అతను వెనక వరుసలో ఉన్న నాయన మీద వేలు పెట్టాడు.

"ఈయనే. జుట్టు ఇంతకన్నా తెల్లగా ఉండాది" అన్నాడు.

ఆ పట్టీ వేసిన మెకానిక్ ఎవరో కనుక్కోవాలని ఆత్మకూరులో, ఉదయగిరిలో తెలిసినవాళ్ళందరినీ అడిగాను. నాయన ఎవరికైనా చెప్పి ఉంటే, ఆ నోటా ఈ నోటా మస్తాన్ దాకా చేరి ఉండవచ్చు కదా. ఎవరికీ ఏమీ తెలియదు. పాత చాసీని గ్యాసుతో ముక్కలు కోసిన రోజు దాసు షెడ్డుకు రాలేదు. నేను వెళ్ళి చివరి ముక్క దాకా నిలబడి చూశాను. కదలకుండా చూశాను. అది ఇనుములాగే తెగింది.

ఆ రోజే మస్తాన్‌ను అన్నాళ్ళుగా అడగలేని ఒక మాట అడిగాను. ఇంటి గురించి, అమ్మ గురించి ఏమైనా అన్నాడా అని.

మస్తాన్ నా మనసు నొప్పించకుండా ఏదైనా చెప్పాలని చూస్తున్నాడని తెలుస్తోంది. కానీ అబద్ధం చెప్పలేదు.

"లేదమ్మా. బండి గురించే."

నాయన తన ప్రాణం కాపాడటానికి వచ్చాడని దాసు నమ్ముతాడు. చెబుతూ ఏడుస్తాడు కూడా. వాడితో నేను వాదించను. నన్నడిగితే ఆయన బండి కోసం వచ్చాడు. బతికున్నప్పుడు దేని కోసం పరిగెత్తాడో, పోయాక కూడా దాని కోసమే పరిగెత్తాడు.

అమ్మకు చెప్పకూడదనుకున్నాం. దాసు నోరు ఆగలేదు. పట్టీ, వేళ్ళు, ఫోటో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. అమ్మ వింటూ చింతపండు పిక్కలు తీస్తూ ఉంది. భయపడలేదు, దేవుణ్ణి తలుచుకోలేదు. వాడు చెప్పడం అయిపోయాక తలెత్తి వాణ్ణి వదిలి నన్ను అడిగింది.

"సమాధుల తోట కాణ్ణించి ఆత్మకూరు పోవాలంటే మనింటి ముందర నుంచే గదామ్మా పోవాల?"

అవునన్నాను.

అమ్మ ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. ఆమె కూడా పోయి చాలా కాలమైంది. ఆ రోజు షెడ్డుకు వచ్చింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరైనా వచ్చి అదంతా మస్తాన్ ఆడిన నాటకమేనని రుజువు చేస్తే సంతోషిస్తాను. ఆయన నిజంగా వచ్చాడని ఒప్పుకుంటే మాత్రం, మా గడప ముందు నుంచి ఆగకుండా వెళ్ళిపోయాడని కూడా ఒప్పుకోవాలి.