గంజాయి మేత తిన్న పుంటికూర

తులసివనంలో గంజాయి మొక్క అనే సామెత మీరంతా వినే ఉంటారు. ఆ సామెతను కట్టలుగా కట్టి, ఆటోలో వేసుకుని, పండుగ పూట నేరుగా చర్చిలోకి మోసుకెళ్ళిన ఘనుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయి ఉంటాను. ముందే చెబుతున్నాను, నా చేతిలో ఉన్నది గంజాయి కాదు. అది తిన్న తిండి మాత్రం గంజాయిదే. ఈ రెంటికీ ఉన్న తేడాను నిండు సంఘం ముందు నిలబడి వివరించడమే నేను ఈ జన్మలో చేసిన ఏకైక బహిరంగ ప్రసంగం.

మా చర్చిలో ఏటా కోత పండుగ జరుగుతుంది. ఎవరింట పండింది వాళ్ళు తెచ్చి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. పొలాలున్నవాళ్ళు వడ్లు, మక్కలు తెస్తారు. హనుమకొండలో పెద్ద పెరడున్న ఎస్తేరు ఆంటీ సోరకాయలు తెస్తుంది. ఆ సోరకాయ ఒక్కొక్కటీ ఎంత ఉంటుందంటే, ఆమె దాన్ని చంకనేసుకుని వస్తుంటే కొత్తవాళ్ళు చంటిబిడ్డకు బాప్తిస్మం ఇప్పించడానికి తెస్తోందనుకుని లేచి దారి ఇస్తారు.

మాకా, వరంగల్‌లో అద్దె ఇల్లు. డాబా తప్ప జానెడు నేల లేదు. ఈ గొడవకు ముందు ఏడు అమ్మ మార్కెట్లో గోబిపువ్వు కొని, కడిగి, తుడిచి, వినయంగా తీసుకెళ్ళి పెట్టింది. ఎస్తేరు ఆంటీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నలుగురూ వినేలా అడిగింది.

"ఏం రూతమ్మా, గోబి మంచిగున్నది. మీ డాబా మీద కాసిందా, మార్కెట్ల కాసిందా?"

ఇంటికొచ్చాక అమ్మ కోపమంతా పప్పులో కారంగా పడింది. తిన్నవాణ్ణి నేను. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ లేచి మాట ఇచ్చాను.

"అమ్మా, వచ్చే పండుగకు మన డాబా పంట చూసి ఎస్తేరు ఆంటీ సోరకాయ కింద పడెయ్యాలె. నువ్వేం ఫికర్ చెయ్యకు."

"నువ్వా? కొత్తిమీర తెమ్మంటే పుదీన తెచ్చేటోనివి!"

చివరికి పుంటికూర పెడదామని తేలింది. మిగతా తెలుగువాళ్ళు గోంగూర అంటారే, అదే. "పుంటికూరైతే తెల్వనోడు పెట్టినా మొలుస్తది" అన్నది అమ్మ. నర్సంపేట దగ్గర ఉండే మా మేనమామ విత్తనం పంపించాడు. అందులోనూ ఇది ఒక రకం. ఆకు చేతివేళ్ళలాగా చీలి, అంచుల వెంట రంపపు పళ్ళతో ఉంటుంది. మొక్క మనిషెత్తు పెరుగుతుంది. ఆ ఆకును ఊహించుకోగానే మీకు ఇంకేదో గుర్తొస్తోంది కదూ? నాకు రాలేదు. అదే వచ్చుంటే ఈ కథే లేదు.

"జరంత పెంటెరువెయ్యి, నీళ్ళు పొయ్యి, అయిపాయె" అన్నది అమ్మ.

"గట్ల కాదమ్మా. ఏ వారం ఏం పెట్టాలె, ఎంత పెట్టాలె, ప్లానింగుండాలె."

అప్పట్లో నేను ఒక కంప్యూటర్ సెంటర్లో కొత్తగా పాఠాలు చెబుతున్నాను. ఇంటర్నెట్‌లో లేని జ్ఞానం లోకంలో ఉండదని నా గట్టి నమ్మకం. కుండీల్లో ఆకు బాగా పెరగాలంటే ఏం చేయాలని వెతికితే ఒక విదేశీ సైటు దొరికింది. పైన ఆకు బొమ్మ. "అచ్చం మన పుంటాకే!" అని మురిసిపోయాను. అందులో ఎర్రగడ్డం ఉన్న ఒకాయన గుడారంలో కూర్చుని తన మొక్కల్ని "మై గర్ల్స్, మై గర్ల్స్" అంటూ నిమురుతున్నాడు. ఎంత ప్రేమ! మా మేనమామ అత్తయ్యను కూడా అంత ముద్దుగా పిలవడు.

ఆయన ఆ మొక్కను 'హెర్బ్' అన్నాడు. ఆకుకూర అని రాసుకున్నాను. మధ్యమధ్యలో 'వీడ్' అన్నాడు. వీడ్ అంటే కలుపు మొక్క అని బడిలో చదివాను కాబట్టి, పాపం వినయంతో తన పంటను తానే కలుపు అంటున్నాడనుకుని ఆ సంస్కారానికి చేతులెత్తి మొక్కాను. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటారు. నేను పట్టిన కుందేటికి కాళ్ళే లేవు, నాలుగు చక్రాలున్నాయి.

ఆయన చెప్పిన మేత పట్టికను తెలుగులోకి మార్చి, రంగులు వేసి ఫ్రిజ్ తలుపు మీద అంటించాను. మొదటి కొన్ని వారాలకు 'వెజ్' అని ఉంది. అంటే మొక్క ఆకు తొడిగే దశ అని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు అర్థమైంది వేరు. ఆ వారాల్లో శాకాహారం పెట్టాలన్నమాట! పల్లిచెక్క నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు, అరటితొక్కల కషాయం పోశాను. వెజ్ అయిపోయాక చేప ఎరువు, ఎముకల పొడి అని ఉంది. చూశారా, ఇక నాన్‌వెజ్ మొదలన్నమాట! చేపల మార్కెట్ నుంచి తలకాయలు, తోకలు తెచ్చి బకెట్లో బెల్లంతో ఊరబెట్టాను. ఆ వాసనకు మా వీధి కుక్కలన్నీ మా గేటు ముందు ఉపవాస ప్రార్థనకు కూర్చున్నాయి. చుట్టాలు మాత్రం రావడం మానేశారు.

"ఒరేయ్ సుధీరూ, గిది పంటనా, పీనుగనా? కింద ఓనరమ్మ ముక్కుకు కొంగు పెట్టుకోని తిరుగుతాంది!"

"జర ఓపిక పట్టమ్మా. పిల్లలు బలంగ తయారైతానై."

"ఎవళ్ళురా పిల్లలు?"

అప్పటికి నేను కూడా గడ్డపాయనలాగే పిలవడం మొదలుపెట్టాను. దాని ఫలితం మందుల దుకాణంలో తెలిసింది. పట్టికలో ఎప్సమ్ ఉప్పు అని ఉంది. మొక్కకు బలమే, మనిషికైతే మాత్రం అది విరేచనాల మందు. దుకాణాయన పొట్లం చేతికివ్వబోతూ ఆగాడు.

"ఎవరికి తమ్మీ?"

"మా పిల్లలకే అన్నా."

"ఎంత వయసుంటది?"

"మొలిచి నెల దాటింది."

పళ్ళు మొలిచి అనుకున్నాడో ఏమో, పొట్లం వెనక్కి తీసుకున్నాడు. "అంత చిన్న పిల్లలకు గిది తాపుతవా? ఎంతమందున్నరు?"

"డాబా నిండ ఉన్నరు."

"డాబా మీదనే ఉంచినవా?"

"మరి ఎండ తగలాలె గదన్నా! రోజూ తలలు కూడ గిల్లుతాన, గుబురుగ రావాలని."

ఆయన దుకాణం దిగి వచ్చి నా చొక్కా పట్టుకునేదాకా నాకు తప్పెక్కడుందో తెలియలేదు. ఫోన్లో మొక్కల ఫొటో చూపించి బయటపడ్డాను.

తలలు గిల్లడం కూడా పట్టికలోదే. మొగ్గ కనిపించిన చోటల్లా గిల్లేశాను. ఇక కోతకు ముందు 'ఫ్లష్' చేయమని ఉంది. అంటే వట్టి నీళ్ళు ధారాళంగా పోసి ఎరువంతా కడిగేయడం. ఫ్లష్ అంటే నాకు తెలిసింది ఒక్కటే కాబట్టి, బాత్రూములో ఫ్లష్ ట్యాంకు మూత తీసి ఆ నీళ్ళే చెంబుతో ముంచి మోశాను. నమ్మండి, నేను చదువుకున్నవాణ్ణే.

ఏమాటకామాటే, మొక్కలు మాత్రం ఏనుగు పిల్లల్లా పెరిగాయి. ఒక్కో ఆకు అమ్మ అరచేతికన్నా పెద్దది. గర్వం ఆపుకోలేక ఫొటో తీసి ఆ సైటులో పెట్టి, నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను: "గురువుగారూ, మీ దయ. వచ్చే ఆదివారం మా అమ్మ దీన్ని పప్పులో వేసి వండుతుంది. మా చర్చి మొత్తం తింటుంది. మా పాస్టరుగారు ముందుగా ప్రార్థన చేస్తారు."

పండుగ రోజు తెల్లారే కోసి కట్టలు కట్టాను. అమ్మ ఒక్క ఆకు రుచి చూస్తానన్నా నేను ఒప్పుకోలేదు, మొదటి పంట దేవుడిదని. పట్టుచీర కట్టుకుని, ఆటోలో కట్టల మధ్య అమ్మ కూర్చుంటే అడవిలోంచి వచ్చిన రాణిలా ఉంది. చర్చిలో ఆ కట్టల్ని సోరకాయల పక్కన నిలబెట్టగానే సోరకాయలు నిజంగానే చిన్నబోయాయి. ఎస్తేరు ఆంటీ నోరు తెరిచింది. అమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు సరిగ్గా ఒక పాట పాడేంతసేపు ఉంది.

అప్పుడే మా సంఘ పెద్ద ప్రకాశం అంకుల్ వచ్చాడు. ఎక్సైజ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. ముందు వరుసలోకి వస్తూ కట్టల్ని చూసి, పాము మీద కాలేసినవాడిలా ఎగిరి వెనక్కి పడ్డాడు.

"పాట ఆపుండ్రి! ఎవడు తెచ్చిండు దీన్ని?"

"నేనే అంకుల్" అన్నాను, మెచ్చుకుంటాడని ముందుకొచ్చి.

"ఇది గంజాయిరా!"

చర్చిలో ఆ మాట అంతకుముందెప్పుడూ వినబడి ఉండదు. హార్మోనియం దానంతటదే ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది.

అమ్మ లేచింది. "ప్రకాశమన్నా, మాట జాగ్రత్త. అది పుంటికూర. మా తమ్ముడు పంపిన విత్తనం."

"మరి పువ్వేది? పుంటి పువ్వు పసుపుపచ్చగ ఉంటది గద."

"వీడు మొగ్గలన్నీ గిల్లిండు."

"గంజాయి పెట్టేటోళ్ళు గూడ గట్లనే గిల్లుతరు! ఏమేం మేత పెట్టినవ్ రా దీనికి?"

నేను ధీమాగా ఫోను తీసి సైటు చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. చదువుతున్నకొద్దీ ఆయన కనుబొమ్మలు నెత్తి మీదికి ఎక్కాయి.

"ఇది దేని సైటో ఎరికేనా నీకు?"

"ఆకుకూరలది అంకుల్."

"ఇది మొత్తం గంజాయి పెంచేటోళ్ళ సైటు!"

అప్పుడు తెలిసింది. గడ్డపాయన, గుడారం, గర్ల్స్, కలుపు, అన్నీ ఒక్కసారిగా వచ్చి నా నెత్తిన కూర్చున్నాయి. నేను నోరు తెరిచి, "అంకుల్, తిండే గంజాయిది, మొక్క మాత్రం మంచిదే" అని నా ప్రసంగం చేశాను. ఎవరూ ఆమెన్ అనలేదు.

"ఇంత లొల్లెందుకు? పుంటికూరైతే పుల్లగుంటది" అని అమ్మ ఒక ఆకు తెంపి నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకోసారి నమిలింది. ఆమె ముఖంలో రంగు మారింది. నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"పులుపేదిరా?"

మేత ఎక్కువై, ఫ్లష్ ఎక్కువై, పులుపంతా డాబా తూములోంచి పోయినట్టుంది. ఎస్తేరు ఆంటీ కూడా కొరికి చూసి, "గడ్డి లెక్కున్నది" అన్నది. అమ్మ అక్కడే కుర్చీలో కూలబడింది. గోబిపువ్వు అవమానం దీని ముందు సన్మానం. ఇన్నేళ్ళుగా తలెత్తుకు తిరిగిన చర్చిలో ఆమె తల దించుకుంటే, నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

పాస్టరుగారు నిదానస్తుడు. "వాసన ఎట్లున్నది ప్రకాశం గారూ?"

ప్రకాశం అంకుల్ ఆకు నలిపి చూశాడు. "గంజాయి వాసనైతే లేదు. కానీ ఫారిన్ మేత తిన్నది, ఏమో చెప్పలేం. వండుండ్రి. నేనే తింట. నాకేమన్నయితే గంజాయి, కాకుంటే పుంటికూర."

వెనకాల పండుగ భోజనాలకు పొయ్యిలు మండుతూనే ఉన్నాయి. పాస్టరమ్మ పప్పులో వేసి వండింది. ప్రకాశం అంకుల్ గిన్నెడు తిని, నా ఫోను సాక్ష్యంగా తన దగ్గరే పెట్టుకుని, చెట్టు నీడలో కుర్చీ వేసుకున్నాడు. సంఘమంతా చుట్టూ నిలబడి, పాలు పొంగుతాయా పొంగవా అని చూసినట్టు ఆయన ముఖంలోకి చూస్తోంది. ఆయన ఫోను చూస్తూ కూర్చున్నాడు. కాసేపు ఏమీ కాలేదు. అమ్మ ముఖంలోకి కొంచెం కళ వచ్చింది.

అంతలో ఆయన మీసం కదిలింది. భుజాలు ఊగాయి. ఉన్నట్టుండి కుర్చీలో వెనక్కి వాలి, కడుపు పట్టుకుని, పెద్దగా నవ్వాడు.

"పాయె! ఎక్కింది!" అని ఎస్తేరు ఆంటీ అరిచింది.

ఆయన భార్య సుగుణ ఆంటీ గుండె మీద చెయ్యి వేసుకుంది. "వామ్మో, గంజాయే! పెండ్లయిన కాడినుంచి ఈ మనిషి నవ్వంగ నేను సూడలే!"

పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఎవరో మజ్జిగ తెచ్చారు, ఎవరో నిమ్మకాయ తెచ్చారు, ఇంకెవరో ముందుజాగ్రత్తగా నా రెండు చేతులూ పట్టుకున్నారు. ప్రకాశం అంకుల్ మాత్రం నవ్వుతూనే, కళ్ళు తుడుచుకుంటూ ఫోను పైకెత్తాడు.

"ఆగుండ్రి, ఆగుండ్రి! నాకేం కాలే. వీడు ఆ సైటుల ఏం రాసిండో సూడుండ్రి. చర్చి మొత్తం తింటదని రాసిండు! దేశదేశాల గంజాయోళ్ళు జవాబులిస్తాండ్లు. ఒకడు, 'అయ్యా, ఈ చర్చి ఎక్కడున్నది, నేను ఆదివారం ఒక్కటి గూడ తప్పకుండ వస్త' అంటాండు. ఇంకోడు, 'మీ పాస్టరుగారి అసొంటి మనిషిని నా జిందగీల సూడలే' అంటాండు."

పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచారు.

"రూతమ్మా, నీ గురించి గూడ రాసిండ్లు. పప్పుల వేసి వండుతవంటే, లోకంల నీ అసొంటి తల్లి లేదట!"

అమ్మ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. "ఎవరైతేంది, తెలుసుకోని రాసిండ్లు" అన్నది, ఎస్తేరు ఆంటీ వైపు చూస్తూ.

ఆ మాటకు సంఘమంతా ఘొల్లుమంది. ప్రకాశం అంకుల్ లేచి, గీత మీద నడిచినట్టు తిన్నగా నడిచి చూపించి, పుంటికూరే అని తీర్పు చెప్పాడు. వేలం మొదలైంది. సోరకాయలు ఎప్పట్లాగే పోయాయి. నా కట్టల దగ్గరికి వచ్చేసరికి అందరూ పైకప్పు చూశారు. పులుపు లేని పుంటికూర ఎవరిక్కావాలి?

"నాకే" అని ఒక చెయ్యి లేచింది. సుగుణ ఆంటీ! "అన్ని కట్టలూ నాకే."

పాస్టరుగారు తెల్లబోయారు. "అంత కూర ఏం చేసుకుంటవమ్మా?"

"వండుతనయ్యగారూ. పొద్దున, మాపు."

ప్రకాశం అంకుల్ ఆమె పక్కకు వంగి, "నేను నవ్వింది కూరకు కాదే, ఫోనుకు" అన్నాడు.

"గదంత నాకెర్క లేదు. ఫోను మనింట్ల ఎప్పటినుంచో ఉన్నది. కూరనే కొత్తది" అన్నది సుగుణ ఆంటీ, కట్టల్ని ఆటోలో వేయిస్తూ.

కాబట్టి నేను పాఠక మహాశయుల సమక్షంలో, పెంటెరువు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ గడ్డపాయన ఏ మొక్కను తల్లీ అన్నా, బిడ్డా అన్నా, ముందు ఆ పిల్ల ఇంటిపేరు అడుగుతాను. ఆ తర్వాతే మేత సంగతి మాట్లాడతాను.