గోళీ తెచ్చిన మామిడికాయలు

ఈ రోజు పొద్దున కాలనీ నల్లా దగ్గర అందరి ముందూ వాంతి చేసుకున్నాను. నేను బిందె ఇంట్లో దించేలోపే పక్క క్వార్టర్ లచ్చవ్వ కొంగు నిండా పచ్చి మామిడికాయలతో వచ్చేసింది. రాత్రి షిఫ్టు దిగి అప్పుడే ఇంటికొచ్చిన మా ఆయనకు శుభవార్త కూడా ఆమే చెప్పింది. ముగ్గురు పిల్లల తండ్రి, పాపం, గడపలోనే కూలబడ్డాడు.

“కడుపు కాదవ్వా, కడుపు రాకుండ దవాఖానల ఇచ్చిన గోళీ మింగుతున్న,” అన్నాను.

“గదేం గోళీ బిడ్డా! కడుపు రానియ్యదు గని వేవిళ్ళు తెస్తదా? నడువు, డాక్టరమ్మనే అడుగుదాం,” అని నన్ను దవాఖానకు లాక్కుపోయింది.

డాక్టరమ్మ నవ్వి వేరే గోళీల అట్ట ఇచ్చింది. నేను మింగుతున్నలాంటి, మొదట్లో వచ్చిన గోళీల్లో హార్మోన్లు మరీ ఎక్కువగా ఉండేవట. ఈ డెబ్భైల్లో తగ్గించి చేస్తున్నారట. కొత్త గోళీ కూడా పని అదే చేస్తుందట, వికారం మాత్రం తక్కువట. ఎవరు తగ్గించారో గాని, వాళ్ళ కడుపు చల్లగుండాలి.

తిరిగొచ్చే దారంతా లచ్చవ్వ నా చేతిలోని అట్టనే చూస్తూ నడిచింది. ఏటేటా కాన్పులతో ఆమె కోడలు పుల్లలా అయిపోయింది. మా ఇంటి ముందు ఆగి మెల్లగా అడిగింది.

“మా కోడలుకు గూడ ఇస్తరా, బిడ్డా?”

రేపు ముగ్గురం కలిసి పోతున్నాం. మామిడికాయ పప్పు వండి లచ్చవ్వ ఇంటికీ పంపాను. మీలో ఎవరి అత్తయినా ఈ మాట అడిగిందా? అడిగి ఉంటే చెప్పండి, ఆమెకూ ఓ గిన్నె పంపుతాను.